బేస్ గొంతుకు ఇనుప పెట్టె

ఆదివారం గుడి నుంచి వచ్చి ఇంకా చీరలు మార్చుకోకముందే మా ఆయన రోనాల్డ్ చేసిన వూఫర్ పెట్టె పోయింది.

ఎవరూ ఎత్తుకుపోలేదు. హాల్లో టీవీ పక్కన, ఎప్పుడూ ఉండే మూలనే ఉంది. శనివారం కూడికకి ఇల్లు సర్దుదామని మా అమ్మాయి ఫెయిత్ దానిమీది గుడ్డ తీసి, పెట్టెను కాస్త ముందుకి లాగబోయింది. పెట్టె కదల్లేదు. పక్కచెక్క ఒక్కటే దాని చేతిలోకి వచ్చింది.

"మమ్మీ!"

నేను వంటింట్లోంచి వచ్చేలోపు మిగతా చెక్కలు కూడా ఒకదానిమీద ఒకటి ఒరిగిపోయాయి. లోపలంతా మట్టి. చెదలు చెక్కను తినేసి పైన రంగును మాత్రం ముట్టుకోకుండా వదిలేశాయి. లోపల ఉండాల్సిన నల్లటి స్పీకరు, అన్నం పళ్లెమంతది, ఆ మట్టిలో వెల్లకిలా పడి ఉంది. దానికి ఏమీ కాలేదు.

ఫెయిత్ నేలమీద కూచుండిపోయింది.

"ఏడాదంతా దీన్ని తుడిచాను మమ్మీ. రంగును తుడిచానన్నమాట."

చీపురు తెచ్చాను.

అప్పుడే మా బావగారు జ్ఞానశేఖర్ మెట్లెక్కి వచ్చారు, కూడికకి కుర్చీలు ఎన్ని కావాలో కనుక్కుందామని. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో ఆగి ఆ కుప్పను చూశారు.

"చెక్క వద్దురా అని చెప్పిన. విన్నడా? మా తమ్ముడు ఎవరి మాట విన్నడు గనక. పార్సెల్ ఆఫీసుల పాత పెట్టెల చెక్క ఊరికే దొరికిందని భుజం మీద మోసుకొచ్చిండు."

"పోయిన మనిషిని తిట్టకండి పెద్దడాడీ."

"పోయిండని వదిలేస్తనా? వాడు నా తమ్ముడు. ఎక్కడున్నా తిడ్త."

కింద నుంచి కేక వినిపించింది. "టీచరమ్మా! ఏటది, గోడేటైనా కూలిపోనాదా?"

కేక వెనకే మనిషి వచ్చింది. కింది వాటాలో అద్దెకుండే దేముడమ్మ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇన్నేళ్లయినా ఆమె మాటకి సికింద్రాబాదు గాలి సోకలేదు.

"ఓలమ్మ, సెదలే! ఇవి మా మీదకి దిగిపోతే మేమేటైపోవాలి?"

"దిగవులే దేముడమ్మా. గోడకి మందు కొట్టిస్తాను."

"మీరు కొట్టించేసరికి మా మంచాలు ఉండవు," అని కిందికి పరుగెత్తి, ఏదో తెల్లటి పొడి డబ్బా తెచ్చి, మా ఎవరినీ అడగకుండా ఆ మూలంతా చల్లేసింది. మా చెప్పులమీద కూడా చల్లింది.

ఫెయిత్ లేవలేదు. స్పీకరును ఒళ్లో పెట్టుకుని, పైట చెంగుతో మట్టి తుడుస్తోంది.

"శనివారం పాట ఎలా మమ్మీ?"

పోయిన ఏడు ఈస్టరు తెల్లవారుజామున మా కొయిర్ పాడిన పాట అది. రోనాల్డ్ కొయిర్‌లో నిలబడ్డ ఆఖరి పండుగ. ఆ తరవాత కొన్ని వారాలకే నిద్రలో గుండె ఆగింది. కొయిర్ నడిపే క్యారల్ పోయిన వారమే చర్చి కంప్యూటర్‌లో వెతికి ఆ రికార్డింగు పంపింది. ఆయన గొంతు ఉన్నది మాకు అదొక్కటే. శనివారం జ్ఞాపకార్థ కూడికలో, పాస్టరుగారి వాక్యానికి ముందు, అందరూ అది వినాలని ఫెయిత్ ఆశ.

ఆ గొంతు మళ్లీ వినాలన్న నా ఆశ సంగతి నేనెవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా ఇంట్లో అందరికీ తెలుసు.

"ఫోన్‌ల పెట్టుకుంటే సరిపోదా?" అన్నారు బావగారు.

ఫెయిత్ ఫోను తీసి భోజనాల బల్లమీద పెట్టి నొక్కింది. పాట వచ్చింది. బావగారి భార్య ప్రేమమణి అక్కది సోప్రానో, కొయిర్‌లో అందరికన్నా పై గొంతు. ఆమె గొంతు ఫోను చీల్చుకుని వచ్చింది. కీబోర్డు వినిపించింది, పిల్లలు వినిపించారు. రోనాల్డ్ లేరు. ఆయనది బేస్ గొంతు. అంత కింది స్వరాలు ఫోనుకు అందవు, మా టీవీ స్పీకర్లకీ అందవు.

"విన్నారా? ఇలా వింటే డాడీ ఆ రోజు గుడికి రానట్టే ఉంది."

"మా ఆమె ఒక్కతే వచ్చినట్టుంది," అన్నారు బావగారు. "మా ఇంట్ల సుత గంతే."

ఫెయిత్ నవ్వకుండా ఉండాలని చూసింది. కుదరలేదు.

"కొత్త వూఫర్ కొనుక్కొద్దాం," అన్నాను.

"వద్దు. ఈ స్పీకరు డాడీది. దీంట్లోనే వినాలి. పెట్టె ఒక్కటి చేయిస్తే చాలు. ఎవరైనా వడ్రంగి..."

"మళ్లీ చెక్కనా?" బావగారు చెప్పులు విప్పి లోపలికి వచ్చేశారు. "నేను చేస్త. ఇనుముతోటి."

"ఇనుమా! ఇనుము మోగుతుంది పెద్దడాడీ. పాట మోగాలి గానీ పెట్టె మోగకూడదు."

"ఎవరు చెప్పిండ్రు?"

"నెట్‌లో చదివాను."

"లాలాగూడ వర్క్‌షాపుల రిటైరయ్యేదాంక రేకు పనే చేసిన. నీ నెట్టు ఎన్ని బోగీలు చేసిందంట?"

మధ్యలో నేను కల్పించుకోవడం పొరపాటైంది. "మా స్కూలు గంట కూడా రైలు పట్టా ముక్కే బావగారూ. కొడితే చిలకలగూడ అంతా వినిపిస్తుంది."

"నువ్వు సుత దాని పార్టీయేనా ఆలిసమ్మా? పట్టాను తీగకు వేలాడదీస్తే మోగుతది. అదే పట్టాను స్లీపర్ల మీద పండుకోబెట్టి బోల్టులు బిగిస్తే మోగుతదా? పైనుంచి రైలు పోయినా మోగదు."

"రైలెల్తంటే మా ఇంట్లో గళాసులన్నీ గెంతుతాయి గదండీ," అంది దేముడమ్మ.

ఎవరమూ నవ్వకూడదు. అందరమూ నవ్వాం. బావగారు నవ్వలేదు. స్పీకరును ఫెయిత్ ఒళ్లోంచి తీసుకుని, నా తువ్వాలులో చుట్టి, చంకలో పెట్టుకున్నారు.

"శుక్రవారానికి పెట్టె ఈ హాల్ల ఉంటది. మోగితే నా పేరు జ్ఞానశేఖర్ కాదు."

కుర్చీలు ఎన్ని కావాలో అడగకుండానే వెళ్లిపోయారు.

* * *

బుధవారం బడి వదిలాక ఫెయిత్, నేనూ లాలాగూడ వెళ్లాం. బావగారి పాత వర్క్‌షాపు స్నేహితుడు వేణుమాధవ్‌కి అక్కడ గేట్లు, గ్రిల్స్ చేసే షెడ్డు ఉంది. ఎవరివో ఇంటి గేట్లు గోడకు ఆనించి ఉన్నాయి. వాటి మధ్య, నేలమీద, మా పెట్టె.

"రాండ్రి టీచరమ్మా," అన్నాడు వేణుమాధవ్. "జెర దూరం నిలబడున్రి, రవ్వలు పడ్తయ్. మూడు దినాల సంది సార్ మమ్ముల పరేషాన్ చేస్తుండు. పెండ్లి మండపానికి గేటు ఇయ్యాలె నేను. ఇచ్చిన్నా? లేదు. ఈ డబ్బా ఒక్కటే నడుస్తుంది."

"డబ్బా అనకు," అన్నారు బావగారు. కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని ఉన్నారు. చేతులు నల్లగా ఉన్నాయి. చాలా రోజుల తరవాత ఆయన ముఖం వయసు మరిచిపోయినట్టు ఉంది.

మందపు రేకు. ఆరు పక్కలూ అతుకు కనిపించకుండా వెల్డింగు చేశారు. ఒక పక్కన స్పీకరు కూర్చోవడానికి గుండ్రటి కంత. లోపల అటు నుంచి ఇటు అడ్డబద్దలు. నాకు ఆ పని సంగతులేవీ తెలియవు. శ్రద్ధ ఉన్న పని మాత్రం చూస్తే తెలుస్తుంది. ఒక్క మూల కూడా చేతికి గుచ్చుకోలేదు.

ఫెయిత్ వేలి కణుపుతో పెట్టె మీద కొట్టింది.

టంగ్‌మని మోగింది. షెడ్డంతా మోగింది. చాలాసేపు మోగింది.

ఫెయిత్ పెద్దడాడీ వైపు చూసింది, అంతే. వేణుమాధవ్ గేటు వెనక్కి తిరిగి దగ్గు వచ్చినట్టు చేశాడు.

"ఇంకా లోపల బట్ట తొడగలే దానికి," అన్నారు బావగారు. "తారు షీట్లు అంటిస్త. బోగీల అడుగున అంటించేవి. అప్పుడు కొట్టు, చెప్త."

"సైజు సరిపోయిందా? లోపల నలభై లీటర్ల చోటు ఉండాలి. తగ్గితే బేస్ రాదు, పెరిగితే బొంగురుపోతుంది. లెక్క వేశారా?"

"లెక్క నేనెందుకు? నీళ్లు చెప్తయ్."

వేణుమాధవ్ మనుషులు తాగడానికి తెప్పించుకున్న ఇరవై లీటర్ల క్యాన్లు రెండు ఉన్నాయి. బావగారు కంత పైకి వచ్చేలా పెట్టెను పడుకోబెట్టి, ఒక క్యాను ఎత్తి, కంతలోకి నీళ్లు పోయడం మొదలుపెట్టారు.

"సార్! తాగే నీళ్లు!"

"మళ్ల తెప్పిస్త. ఆగు."

రెండో క్యాను కూడా ఎత్తారు. నీరు కంత అంచుదాకా వచ్చి, అక్కడ ఆగింది. ఒక్క చుక్క పొర్లలేదు. ఫెయిత్ వంగి చూసి, నిటారుగా నిలబడింది.

"సరిపోయింది," అంది. ఒప్పుకోవడం దానికి కష్టంగానే ఉంది.

"ఇంక ఇది చూడు." బావగారు నా సంచిలోంచి సుద్దముక్క తీసుకుని, వెల్డింగు అతుకుల వెంట గీత గీసుకుంటూ పెట్టె చుట్టూ తిరిగారు. "ఎక్కడన్నా కారితే సుద్ద తడుస్తది. పది నిమిషాలు ఆగుదాం."

ఆగాం. వేణుమాధవ్ టీ తెప్పించాడు. గీతలు పొడిగా తెల్లగా ఉన్నాయి.

"నీళ్లే పోలేదు. ఇంక గాలెట్ల పోతది? ఏమంటవ్ బేటా?"

"ఏమీ అనట్లేదు పెద్దడాడీ."

"గట్లుండాలె." ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, మెల్లగా అన్నారు. "వాడు చెక్క పెట్టె చేసేటప్పుడు నన్ను ఒక్కసారి సుత పిలవలే. పిలిస్తే వచ్చేటోణ్ని."

నీళ్లు ఎలా బయటికి పొయ్యాలా అని వేణుమాధవ్ తన మనుషుల్ని తిడుతున్నాడు. మేము బయల్దేరాం.

* * *

శుక్రవారం సాయంత్రం పెట్టె వచ్చింది. బావగారు ఒక పక్క, దేముడమ్మ భర్త వరహాలబాబు ఒక పక్క పట్టుకుని, మెట్టుకొకసారి దించుతూ ఎక్కించారు.

"బీరువాయేటండీ ఇది? స్పీకరన్నారు," అన్నాడు వరహాలబాబు, ఊపిరి తీసుకుంటూ.

ముదురు నీలం రంగు వేశారు. ఒక పక్కన తెల్ల రంగుతో, అచ్చు పెట్టినట్టు, తయారైన నెల, ఏడాది, బరువు రాసి ఉన్నాయి. వర్క్‌షాపు నుంచి బయటికి వచ్చే బోగీ మీద అలాగే రాస్తారట.

"గొలుసు లాగితే ఆగుతుందని రాయలేదేం?" అంది ఫెయిత్.

"ముందు కొట్టి చూడు."

కొట్టింది. టక్‌మంది. గోడను కొట్టినట్టుంది. మళ్లీ కొట్టింది. టక్.

"సారీ పెద్దడాడీ."

"సారీ రేపు చెప్పు, అందరి ముంగట," అన్నారాయన. మీసం ఉంటే దువ్వుకునేవారు.

వైర్లు కలిపారు. ఆ పాట ముందే పెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు. "ఏదైనా వేరేది పెట్టి చూద్దాం," అంది ఫెయిత్.

"మా వైపు తప్పెటగుళ్లు పెట్టు పాపా," అంది దేముడమ్మ. అప్పటికే చాప మీద సర్దుకుని కూచుంది. "బేస్ అంటే అదీ బేస్."

ఫెయిత్ ఫోన్‌లో వెతికి పెట్టింది. గుండెలకు కట్టుకున్న డప్పులు ఒక్కసారి మోగాయి. నేల అదిరింది. దేముడమ్మ "అదీ!" అని చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది.

ప్రతి దెబ్బ వెనకా ఏదో ఉస్సుమంటోంది. దుమ్, ఉస్స్. దుమ్, ఉస్స్.

"పెట్టికి ఉబ్బసమేటి?"

ఫెయిత్ ఆపింది. "గాలి పోతోంది. ఎక్కడో చిల్లు ఉంది."

"నా వెల్డింగులనా? నీ కండ్ల ముంగట నీళ్లు పోసిన!"

"మరి ఆ చప్పుడేంటి?"

వెతుకులాట షురూ అయింది. స్పీకరు చుట్టూ రబ్బరు విప్పి మళ్లీ బిగించారు. వైరు వెళ్లే చోట కొవ్వొత్తి కరిగించి పోశారు. అతుకుల వెంట సబ్బు నురగ పూశారు. బుడగ రాలేదు. ఏం చేసినా మళ్లీ పెడితే ఉస్సుమంటూనే ఉంది.

"అయితే స్పీకరుదే తప్పు," అన్నారు బావగారు. ఆయన చొక్కా తడిసిపోయి ఉంది. "చెదలు దాని కాగితం కొరికుంటయ్. పాతదైపోయింది, పారెయ్."

ఫెయిత్ ముఖం మారింది. "డాడీ స్పీకరు పాడైతే ఆదివారమే పాడయ్యేది. మీ పెట్టెలోకి వచ్చాకే దానికి ఈ గతి పట్టింది."

"నా పెట్టెలోకి వచ్చినంకనా?"

"అవును. చెక్క పెట్టెలో అది ఎప్పుడూ ఉస్సుమనలేదు."

బావగారు స్పానరు నేలమీద పెట్టారు. చప్పుడు కాకుండా పెట్టారు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. లేచి బాల్కనీలోకి వెళ్లి, మాకు వీపు తిప్పి నిలబడ్డారు.

వరహాలబాబు గోడమీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

"ఇంకోసారి పెట్టమ్మా," అన్నాను. "చిన్నగా."

పెట్టింది. నేను పెట్టె దగ్గరగా నేలమీద కూచున్నాను. దేముడమ్మ ఆదివారం చల్లిన తెల్లపొడి ఎంత ఊడ్చినా ఆ మూల ఇంకా మిగిలే ఉంది. డప్పు దెబ్బ పడినప్పుడల్లా పెట్టె కింద నుంచి ఆ పొడి చిన్న మబ్బులా లేస్తోంది. ముందు నుంచి లేచింది. పక్క నుంచీ లేచింది.

"బావగారూ, ఒకసారి రండి. దీన్ని పక్కకు పడుకోబెడదాం."

వచ్చారు. వరహాలబాబు సాయం పట్టాడు. పెట్టె పక్కకు ఒరిగింది.

అడుగున నాలుగు మూలలా నాలుగు చిల్లులు. పొరపాటున పడ్డవి కావు. ఒక్కొక్కటీ పెన్సిలు పట్టేంత, అంచులు నునుపుగా అరగదీసి, లోపలిదాకా తుప్పు పట్టకుండా వేసే ఎర్ర రంగు కూడా పూసి ఉన్నాయి.

"ఇవేంటి పెద్దడాడీ?"

"నీళ్లు పోయే చిల్లులు," అన్నారాయన మామూలుగా. అన్న తరవాత ఆయన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

"ఏ నీళ్లు?"

"ఏ నీళ్లేందీ? ఇనుప పెట్టె అన్నంక అడుగున చిల్లు పెట్టాలె. లేకుంటే లోపల చెమ్మ నిలిచి తుప్పు పడ్తది. ఏ బోగీ అయినా చూడు. మొన్న మీరు పోయినంక నీళ్లు వంపేసి, రంగు వేసే ముందు..." ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది. "పెట్టిన. చెయ్యి పెట్టేసింది. నేను ఆలోచించనే లేదు."

"మన హాల్లో వాన పడుతుందా పెద్దడాడీ?"

"మీ హాల్లో పడదు," అంది దేముడమ్మ. "మీ బాత్రూం కింద మాకు పడతాది. టీచరమ్మకి సెప్పి సెప్పి నా నోరు నొప్పెట్టేసింది."

ముందుగా నవ్వింది బావగారే. చిల్లులున్న పెట్టెకి వీపు ఆనించి, నేలమీద కూలబడి, కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఫెయిత్ ఆయన పక్కన కూలబడింది. "నీళ్లు కారలేదని సుద్దతో గీత గీసి చూపించి మరీ..." అని మాట పూర్తి చేయలేకపోయింది. వరహాలబాబు క్యాలెండరు వైపు తిరిగే నవ్వాడు. బాత్రూం సంగతి కూడిక కాగానే చూపిస్తానని దేముడమ్మకి మాట ఇచ్చాను. ఆ నవ్వుల్లో అది ఆమెకి వినిపించిందో లేదో.

వరహాలబాబు కింద నుంచి పాత సైకిలు ట్యూబు తెచ్చాడు. ఫెయిత్ కత్తెరతో గుండ్రటి ముక్కలు కోసింది. రబ్బరు ముక్క వేసి, చిల్లుకొక బోల్టు బిగించారు బావగారు. నాలుగోది బిగించేటప్పుడు ఫెయిత్ ఆయన భుజం మీద గడ్డం ఆనించి చూస్తోంది. ఎవరూ ఎవరికీ సారీ చెప్పుకోలేదు.

తప్పెటగుళ్లు మళ్లీ మోగాయి. ఉస్సుమనలేదు. దెబ్బ దెబ్బగా, గుండ్రంగా వచ్చి, ఆగాల్సిన చోట ఆగింది.

దేముడమ్మ ఉన్నట్టుండి లేచి కిందికి పరుగెత్తింది. కాసేపటికి కింద నుంచి కేక. "టీచరమ్మా! అలమార్లో గళాసులు నడిసెల్లిపోతన్నాయి!"

"తగ్గించమంటారా?"

"వొద్దు వొద్దు. నాను పట్టుకుంటాను. మీరు కానియ్యండి."

* * *

ఫెయిత్ నా వైపు చూసింది. "పెట్టనా మమ్మీ?"

"పెట్టు."

కీబోర్డు మొదలైంది. పిల్లలు అందుకున్నారు. ప్రేమమణి అక్క వచ్చింది. ఆ తరవాత, అందరికన్నా అరమాత్ర వెనకగా, రోనాల్డ్ వచ్చారు.

"లేటు!" అని అరిచింది ఫెయిత్. "చూడు, ఎప్పటిలాగే లేటు! క్యారల్ ఆంటీ చెయ్యి ఊపుతూ తిడుతూ ఉంటుంది ఈ పాటికి."

"తిట్టింది. నేను చూసిన," అన్నారు బావగారు. "వాని గొంతుకు పైమెట్టుల టెనార్ వింటుండ్రా? అది నేను. వాని పక్కనే నిలబడ్డ." అని తన గొంతుతో తానే కలిసి పాడటం మొదలుపెట్టారు.

నేను కాళ్లు నేలకు ఆనించి కూచున్నాను. ఆయన గొంతు చెవికన్నా ముందు అరికాళ్లకు తెలిసింది. వంటింట్లో నేను పని చేసుకుంటుంటే హాల్లో పాడుకునే మనిషి గొంతు. రెండో చరణంలో ఒక మాట దగ్గర ఆయనకు ఎప్పుడూ నాలుక తిరగదు. ఆ రోజూ తిరగలేదు. నాకు నవ్వు వచ్చింది. ఫెయిత్ నా చెయ్యి పట్టుకుంది.

మూడో చరణం కూడా అయింది. నాలుగోది, ఆఖరిది, మొదలైంది.

అరికాళ్లకు రోనాల్డ్ గొంతు తెలియడం లేదు.

ఫెయిత్ గబుక్కున లేచి వైర్లు చూసింది. బోల్టులు తడిమింది. "మళ్లీ ఏదైనా ఊడిందా?" ఆ చరణాన్ని మళ్లీ మొదటి నుంచి పెట్టి, స్పీకరు మీద అరచెయ్యి ఆనించింది. కీబోర్డు కింది మెట్లు బాగానే వస్తున్నాయి. పెట్టెలో లోపం లేదు.

"డాడీ పాడట్లేదు," అంది.

ఫోన్‌లో వింటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

రెండోసారి నేను విన్నది వేరేది. చరణం మొదట్లో బావగారి టెనార్ కూడా లేదు. ఒక పాదమంతా లేదు. రెండో పాదంలో తిరిగి వచ్చింది. వచ్చినప్పుడు ముందుకన్నా పెద్దగా వచ్చింది, ఇద్దరి వంతు ఒక్కరే పాడుతున్నట్టు.

బావగారు పాడటం ఎప్పుడు ఆపారో నేను గమనించలేదు. స్పానర్లు ఒక్కొక్కటే సంచిలో వేసుకుంటున్నారు.

"పెద్దడాడీ, మీరు పక్కనే ఉన్నారు కదా. డాడీ ఎందుకు ఆపేశారు?"

"ఏమో బేటా. గొంతు పట్టుకుందేమో." సంచి మూతి ముడి వేశారు. ఆ ముడి ఆయనకు రెండుసార్లు జారింది. "మీ పెద్దమ్మ ఎదురుచూస్తుంటది. పొద్దున కుర్చీలు దింపిస్త."

నా వైపు చూడలేదు. చెప్పులు వేసుకుని మెట్లు దిగారు.

"పాటయిపోనాదా?" కింద నుంచి దేముడమ్మ అడిగింది. "గళాసులు ఒగ్గేయనా?"

"అయిపోయింది ఆంటీ," అంది ఫెయిత్.

నేను బాల్కనీలోకి వెళ్లేసరికి బావగారు ఇంకా గేటు దాటలేదు. గేటు పట్టుకుని నిలబడి ఉన్నారు. పిలిస్తే వినిపించేంత దూరమే. ఆయన కాసేపు అలాగే ఉండి, గేటు తెరుచుకుని వెళ్లారు.

పెట్టె సిద్ధంగా ఉంది. రేపు పాస్టరుగారు వస్తారు, అందరూ వస్తారు, ఫెయిత్ ఆ పాట పెడుతుంది. ఆ రోజు ఆఖరి చరణం మొదట్లో ఆ అన్నదమ్ములిద్దరికీ మధ్య ఏం జరిగిందో, కొన్ని వారాలకు ఆగిన గుండె ఆ రోజే నొప్పి పెట్టిందో ఏమో, బావగారిని నేను ఇంకా అడగలేదు.